ఓడ దిగాక ఊళ్లోకి: కుటుంబ క్రూయిజ్‌లో సొంత రేవు యాత్రలు, స్థానిక భోజనం

కుటుంబ క్రూయిజ్ అంటే సామాను ఒకే గదిలో ఒకసారి సర్దుకుని, రాత్రిళ్లు సముద్రం మీద ప్రయాణిస్తూ, పగళ్లు వేర్వేరు రేవుల్లో గడిపే విహారయాత్ర. పడక, భోజనం, పిల్లల ఆటలు, సాయంత్రపు ప్రదర్శనలు అన్నీ ఓడలోనే ఉంటాయి. రేవు చేరిన ఉదయం కుటుంబం ముందు మూడు దారులుంటాయి. ఓడలోనే ఉండిపోవచ్చు. ఓడ కంపెనీ అమ్మే బృంద పర్యటనలో చేరవచ్చు. లేదా ఎవరి సహాయమూ లేకుండా ఊళ్లోకి వెళ్లి, చూడదలచినది చూసి, అక్కడి తిండి తిని, సాయంత్రానికి తిరిగి రావచ్చు. ఈ మూడో దారి ఏ రేవులో సాధ్యం, ఏ రేవులో కష్టం, అందులో భోజనం పాత్ర ఏమిటి, దానివల్ల కుటుంబానికీ ఆ ఊరికీ ఏం ఒరుగుతుంది అన్నవి ఈ సమీక్షలోని ప్రశ్నలు.

ఉదాహరణగా తీసుకున్నది పశ్చిమ మధ్యధరా సముద్రం. స్పెయిన్, ఫ్రాన్స్, ఇటలీ, మాల్టా తీరాలను ఏడు రాత్రుల్లో చుట్టివచ్చే ఓడలు అక్కడ చాలా ఉన్నాయి. నగరం నడిబొడ్డున ఉన్న రేవు మొదలుకొని, చూడవలసిన నగరం డెబ్బై కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న రేవు దాకా అన్ని రకాలూ ఆ ఒక్క వలయంలోనే కనిపిస్తాయి. వీసా ఒకటే, కరెన్సీ ఒకటే, గడియారం కూడా ఒకటే. అందువల్ల రేవుకూ రేవుకూ ఉన్న తేడాలను పోల్చడం తేలిక.

పుట్టుక, పెరుగుదల

విహారం కోసమే ఓడ ఎక్కే అలవాటుకు పుట్టినిల్లు ఈ సముద్రమే. 1844లో పెనిన్సులర్ అండ్ ఓరియంటల్ కంపెనీ ఇంగ్లండ్ నుంచి జిబ్రాల్టర్, మాల్టా, ఏథెన్స్ మీదుగా యాత్రలు నడిపింది. నవలాకారుడు థాకరే ఆ ఏడాది ఆ కంపెనీ ఓడల్లో కైరో దాకా వెళ్లి పుస్తకం రాశాడు. 1867లో క్వేకర్ సిటీ అనే ఓడ అమెరికా నుంచి యాత్రికుల బృందాన్ని మధ్యధరాకు తెచ్చింది. అందులో వచ్చిన మార్క్ ట్వైన్, గ్రీసు రేవులో ఓడను క్వారంటైన్‌లో నిలిపివేసినా, మరో ముగ్గురితో కలిసి రాత్రివేళ ఒడ్డుకు చేరి ఏథెన్స్‌లోని అక్రోపోలిస్ దాకా నడిచివెళ్లాడు. 1891 జనవరిలో జర్మన్ నౌకా వ్యాపారి ఆల్బర్ట్ బాలిన్, చలికాలంలో ఖాళీగా ఉండే అగస్టా విక్టోరియా ఓడను 241 మంది యాత్రికులతో మధ్యధరాకు పంపాడు. రేవు రేవునా ఆగుతూ తిరిగివచ్చే నేటి క్రూయిజ్ పద్ధతికి ఆ ప్రయాణాన్ని ఆరంభంగా చరిత్రకారులు చూపుతారు.

1950ల చివర జెట్ విమానాలు వచ్చాక, సముద్రం దాటడానికి ఓడ ఎక్కవలసిన అవసరం పోయింది. ప్రయాణికుల ఓడలు నడపాలంటే విహారం ఒక్కటే మిగిలింది. 1968లో రాయల్ కరీబియన్, 1972లో కార్నివాల్ కంపెనీలు పుట్టాయి. 2023లో ప్రపంచమంతటా క్రూయిజ్ ప్రయాణికుల సంఖ్య మూడు కోట్లు దాటింది. 2024లో ప్రయాణాలు మొదలుపెట్టిన ఐకాన్ ఆఫ్ ద సీస్ అనే ఓడ ఒక్కటే ఏడువేలకు పైగా ప్రయాణికులను మోయగలదు. ఓడలు పెరిగిన కొద్దీ వాటిలోపలి సౌకర్యాలూ పెరిగాయి. ఒడ్డుకు దిగకుండానే వారం గడిచిపోయే స్థితి వచ్చింది. సొంత రేవు యాత్ర అనే ప్రశ్న ఇప్పుడు ముఖ్యమవడానికి కారణం ఇదే.

బృందంతోనా, సొంతంగానా

ఓడ కంపెనీ పర్యటనలో ఉన్న పెద్ద బలం సమయానికి హామీ. బస్సు దారిలో ఆగిపోయి బృందం ఆలస్యమైనా ఓడ వాళ్ల కోసం ఆగుతుంది. ఆగలేకపోతే తరువాతి రేవుకు చేర్చే బాధ్యత కంపెనీ తీసుకుంటుంది. రవాణా, టికెట్లు, గైడు అన్నీ సిద్ధంగా ఉంటాయి. బలహీనతలు కూడా తెలిసినవే. ధర తలకింత చొప్పున ఉంటుంది కాబట్టి ఐదుగురి కుటుంబానికి ఖర్చు త్వరగా పెరుగుతుంది. బృందంలో నలభై, యాభై మంది ఉంటే, ఎక్కి దిగి లెక్క చూసుకోవడానికే చాలా సమయం పోతుంది. పిల్లవాడికి ఆకలేసినప్పుడు ఆగడం కుదరదు. భోజనం ఉంటే అది ముందే కుదుర్చుకున్న హోటల్లో అందరికీ ఒకే వరసలో వడ్డించేది. లేకపోతే ఓడకు తిరిగివచ్చి తినాలి.

సొంతంగా వెళ్లే కుటుంబం తన వేగంతో నడుస్తుంది. తాతయ్యకు కాళ్లు నొప్పిపుడితే చెట్టుకింద కూర్చోవచ్చు, పాప ఫౌంటెన్ దగ్గర ఆగితే అక్కడే అరగంట గడపవచ్చు. బదులుగా సమయపు భారమంతా కుటుంబం మీదే ఉంటుంది. చెప్పిన వేళకు రాకపోతే ఓడ వెళ్లిపోతుంది. తరువాతి రేవుకు సొంత ఖర్చుతో చేరుకోవాలి.

ఈ రెండింటి మధ్య మరో పద్ధతి ఉంది. రెండు మూడు కుటుంబాలు కలిసి స్థానికంగా ఒక వ్యానును, డ్రైవరును ముందే మాట్లాడుకుంటాయి. దూరపు రేవుల్లో, పెద్దవాళ్లు వెంట ఉన్నప్పుడు ఇది బాగా పనికివస్తుంది. ఏ పద్ధతి మేలన్న ప్రశ్నకు మొత్తం యాత్రకంతటికీ ఒకే జవాబు లేదు. ఒక్కో రేవుకు ఒక్కో జవాబు ఉంటుంది. దాన్ని మూడు విషయాలు తేలుస్తాయి: రేవుకూ ఊరికీ ఉన్న దూరం, తిరిగివచ్చే బస్సో రైలో ఎంత తరచుగా ఉందన్నది, కుటుంబంలో అందరూ తినగలిగేది ఆ ఊళ్లో దొరుకుతుందా లేదా అన్నది.

సమయపు లెక్క

కాగితం మీద ఉదయం 8 నుంచి సాయంత్రం 6 దాకా అని ఉన్న రేవులో పది గంటలు చేతిలో ఉండవు. ఓడ కట్టిన తరువాత స్థానిక అధికారుల అనుమతి వచ్చేదాకా ఎవరినీ దిగనివ్వరు. బయలుదేరే వేళకు అరగంట నుంచి గంట ముందే అందరూ ఓడలో ఉండాలి. ఆ గడువును ఓడలో ప్రతి సాయంత్రం ఇచ్చే కార్యక్రమ పత్రంలో, దిగే మెట్ల దగ్గరి పలక మీద రాసి ఉంచుతారు. గడువుకు మరో గంట ముందే రేవు గేటు దగ్గర ఉండేలా పథకం వేసుకోవడం క్షేమం. అప్పుడు ఊళ్లో గడపడానికి మిగిలేది ఏడు గంటలు. రైలు ప్రయాణాలు ఉంటే అయిదే.

రేవు లోతు చాలని చోట ఓడ దూరంగా లంగరు వేసి, చిన్న పడవల్లో జనాన్ని ఒడ్డుకు చేరుస్తుంది. వీటిని టెండర్ పడవలంటారు. ఫ్రాన్స్‌లోని విల్‌ఫ్రాంష్, కాన్ వంటి చోట్ల ఇదే పద్ధతి. మొదటి పడవలు సాధారణంగా కంపెనీ పర్యటనల వాళ్లకు వెళతాయి. సొంతంగా వెళ్లేవాళ్లు వంతు కోసం ఆగాలి. అలలు పెద్దవైతే ఆ రేవునే వదిలేయవచ్చు. అలాంటి రేవులకు వెనక్కి డబ్బురాని టికెట్లు ముందే కొనడం మంచిది కాదు.

గడియారం సంగతి కూడా చూసుకోవాలి. స్పెయిన్ ప్రధాన భూభాగం, ఫ్రాన్స్, ఇటలీ, మాల్టా ఒకే కాలమానంలో ఉన్నాయి. గ్రీసు ఒక గంట ముందుంటుంది. సింగపూర్ నుంచి బయలుదేరే ఓడల్లో ఈ చిక్కు ఎక్కువ. సింగపూర్, మలేసియాలది ఒకే సమయం, థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ మాత్రం ఒక గంట వెనక ఉంటుంది. ఫోను తనంతట తాను స్థానిక సమయానికి మారిపోతుంది. ఓడ మాత్రం ఓడ సమయాన్నే పాటిస్తుంది. ముళ్ల చేతిగడియారాన్ని ఓడ సమయానికి పెట్టుకుని దాన్నే నమ్మడం పనికివచ్చే అలవాటు.

రేవుల వారీగా

బార్సిలోనా. చాలా యాత్రలు మొదలయ్యేదీ ముగిసేదీ ఇక్కడే. పెద్ద ఓడలు కట్టే రేవుగట్టు నుంచి కొలంబస్ స్తంభం దాకా రేవు బస్సు నడుస్తుంది. ఆ స్తంభం 1888 నాటి ప్రపంచ ప్రదర్శన కోసం కట్టింది. అక్కడి నుంచి మెట్రో రైలు, రంబ్లా వీధి, పాతపట్నం అన్నీ నడక దూరమే. 1882లో పని మొదలై, మరుసటి ఏడాది నుంచి ఆంటోనీ గౌడీ చేతిలో రూపుదిద్దుకున్న సగ్రాదా ఫమీలియా చర్చికి నిర్ణీత సమయపు టికెట్లు ముందే కొనుక్కోవాలి. రంబ్లా మీద జేబుదొంగల బెడద ఉంది. బొకెరియా బజారు ప్రసిద్ధమే కాని పగటిపూట కిక్కిరిసిపోతుంది. రంగురంగుల పెంకుల కప్పుతో ఉన్న సాంతా కతరీనా బజారులో పిల్లలతో తిరగడం సుఖం. కాల్చిన రొట్టెకు టమాటా రుద్ది, ఆలివ్ నూనె, ఉప్పు వేసి ఇచ్చే పా అమ్ తుమాకెత్, నిప్పుల మీద కాల్చిన వంకాయ, బెంగుళూరు మిరపకాయలతో చేసే ఎస్కలివాడా శాకాహారులకు దొరికే చక్కని వంటకాలు. ఎస్కలివాడా మీద ఒక్కోచోట చేపముక్క పెడతారు, వద్దని ముందే చెప్పాలి.

మార్సెయి. గ్రీకులు సుమారు క్రీ.పూ. 600లో నెలకొల్పిన రేవు పట్టణం. ఇప్పుడు ఓడలు ఆగే చోటు పాత రేవుకు చాలా ఉత్తరాన ఉంది. నడిచి వెళ్లే దూరం కాదు కనుక షటిల్ బస్సో, సిటీ బస్సో, ట్యాక్సీయో ఎక్కాలి. పాత రేవు ఒడ్డున చేపల అంగళ్లు, పైన గుట్టమీద పానియే పేట సన్నని సందులు, 2013లో తెరిచిన మధ్యధరా నాగరికతల మ్యూజియం అన్నీ ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. అలెగ్జాండర్ డూమా రాసిన మాంటెక్రిస్టో నవల కథానాయకుడు ఖైదీగా ఉన్న ఇఫ్ కోటకు పాత రేవు నుంచే పడవలు వెళతాయి. పెద్ద పిల్లలకు ఇది నచ్చే యాత్ర. మిస్త్రాల్ అనే ఉత్తరపు గాలి జోరుగా వీచే రోజున మాత్రం ఆ పడవలు ఆగిపోతాయి. బుయ్యబెస్ అనే చేపల పులుసు ఈ ఊరి గొప్ప. సరైన పద్ధతిలో వండేది ఖరీదైనది, తీరికగా తినవలసినది. అరపూట సమయం ఉన్నవాళ్లకు పానీస్ అనే శనగపిండి వేపుడు ముక్కలు, నారింజపూల నీటి సువాసనతో ఉండే నావెట్ బిస్కెట్లు చాలు.

జెనోవా. సొంతంగా తిరిగేవారికి ఇంత అనువైన రేవు అరుదు. ఓడల స్టేషన్‌కు కొద్ది నిమిషాల నడకలో ప్రిన్చిపె రైల్వేస్టేషన్ ఉంది. కొలంబస్ యాత్రకు 500 ఏళ్లు నిండిన 1992లో, వాస్తుశిల్పి రెంజో పియానో తీర్చిదిద్దిన పాత రేవు ప్రాంతంలో పెద్ద అక్వేరియం తెరిచారు. చిన్నపిల్లలున్న కుటుంబాలకు అదొక్కటే పూటంతా సరిపోతుంది. 2006లో యునెస్కో గుర్తించిన రోల్లి భవనాలు, గుట్టల మీదికి ఎక్కించే తాళ్ల రైళ్లు అదనం. పెస్టో పచ్చడి పుట్టిన ఊరు ఇదే. తులసి జాతి ఆకు, వెల్లుల్లి, పైన్ గింజలు, చీజ్, ఆలివ్ నూనె కలిపి రోట్లో నూరుతారు. దాన్ని బంగాళాదుంప, బీన్స్‌తో ఉడికించిన పాస్తాలో కలిపి వడ్డిస్తారు. ఫొకాచా రొట్టె, శనగపిండితో కాల్చే ఫరినాతా వీధి వీధినా దొరుకుతాయి.

చివిటావెక్కియా. రెండో శతాబ్దంలో ట్రాజన్ చక్రవర్తి కట్టించిన ఈ రేవు రోమ్‌కు ద్వారం. రోమ్ నగరం డెబ్బై కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. రేవు బస్సులో గేటు దాకా వచ్చి, అక్కడి నుంచి రైల్వేస్టేషన్‌కు చేరి, ప్రాంతీయ రైలెక్కితే గంటా గంటంబావులో రోమ్. వాటికన్ చూసేవాళ్లు సాన్ పియెత్రో స్టేషన్లో, పాత రోమ్ చూసేవాళ్లు ఓస్తియెన్సె లేదా తెర్మినిలో దిగుతారు. కాగితపు టికెట్టుకు ప్లాట్‌ఫాం మీది యంత్రంలో ముద్ర వేయించుకోవాలి, లేకుంటే జరిమానా. రానూపోనూ ప్రయాణం తీసేస్తే రోమ్‌లో మిగిలేది అయిదారు గంటలు. అందులో వాటికన్ మ్యూజియాలు, కొలోసియం రెండూ పట్టించబోతే రెండూ సరిగా చూడలేరు. ఒకదాన్ని ఎంచుకుని, మిగిలిన సమయం వీధుల్లో గడిపి, చతురస్రపు ముక్కలుగా కోసి తూకం వేసి అమ్మే పిజ్జా తిని రావడం కుటుంబానికి తగిన పథకం. వీధి వీధినా ఉండే నసోనె కొళాయిల్లో మంచినీళ్లు ఉచితం. రోమ్ ఇదివరకే చూసినవారికి దగ్గర్లో తర్క్వీనియా ఉంది. గోడచిత్రాలున్న అక్కడి ఎత్రుస్కన్ సమాధులు 2004లో యునెస్కో జాబితాకెక్కాయి. రైలు ప్రయాణం తక్కువ, జనమూ తక్కువ.

నేపుల్స్. ఓడ దిగి రోడ్డు దాటితే నగరమే. మెట్రో స్టేషన్, కాప్రి దీవికి వెళ్లే పడవల రేవు పక్కపక్కనే ఉన్నాయి. క్రీ.శ. 79లో వెసూవియస్ బద్దలై పూడ్చేసిన పాంపేయికి గరిబాల్డి స్టేషన్ నుంచి లోకల్ రైలు అరగంటకు పైగా పడుతుంది. 2024 నవంబరు నుంచి పాంపేయిలోకి రోజుకు 20,000 మందినే అనుమతిస్తున్నారు. టికెట్టు ముందే కొనాలి. ఇటలీ ప్రభుత్వ మ్యూజియాల్లో, పురావస్తు స్థలాల్లో 18 ఏళ్లలోపు వారికి ప్రవేశం ఉచితం. ఈ రైళ్లలో రద్దీ, ఆలస్యాలు మామూలే కనుక మధ్యాహ్నం దాటకముందే తిరుగుబాట పట్టి, భోజనం నేపుల్స్‌లో చేయడం తెలివైన పని. ఇక్కడి పిజ్జా తయారీదారుల కళను యునెస్కో 2017లో మానవాళి వారసత్వంగా గుర్తించింది. టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, నూనె తప్ప మరేమీ లేని మరినారా పిజ్జాలో చీజ్ కూడా ఉండదు.

పాలెర్మో. ఇదీ ఊళ్లోకి నడిచివెళ్లగల రేవే. అరబ్బుల తరువాత నార్మన్ రాజులు ఏలిన నగరం కాబట్టి గోపురాలు, చిత్రాల పలకలు, తోటలు రెండు సంస్కృతులనూ కలిపి చూపిస్తాయి. ఆ కట్టడాలకు 2015లో యునెస్కో గుర్తింపు దక్కింది. బల్లారో, కాపో బజార్లే ఇక్కడి భోజనశాలలు. శనగపిండి పానెల్లె పెట్టిన బన్ను, అన్నాన్ని ముద్దగా చుట్టి వేయించే అరంచీన, వంకాయతో పులుపూ తీపీ కలిసేలా వండే కపొనాతా, గ్రనీతా, కన్నోలి అన్నీ నడుస్తూ తినగలిగినవి.

వాలెట్టా. 1565 ముట్టడిని తట్టుకున్న సెయింట్ జాన్ వీరులు మరుసటి ఏడాది పునాది వేసిన నగరం. మాల్టాలో ఇంగ్లిష్ అధికార భాషల్లో ఒకటి కాబట్టి మొదటిసారి సొంతంగా తిరిగేవాళ్లకు జంకు ఉండదు. ఓడరేవు అడుగున, నగరం కోటగోడ మీద. 58 మీటర్ల లిఫ్టు పైకి చేరుస్తుంది, తాతయ్యలకూ అమ్మమ్మలకూ మెట్ల బాధ లేదు. పైన తోటకు ఆనుకుని మధ్యాహ్నం 12 గంటలకు ఫిరంగి పేలుస్తారు, పిల్లలకు అదో పండగ. బఠాణీ ముద్ద గానీ రికొత్తా చీజ్ గానీ కూరి కాల్చే పొరలపొరల పాస్తిట్సి ఈ దేశపు రోజువారీ చిరుతిండి.

తిండి అనే తోవ

ఈ రేవుల్లో కొన్నిటిని కలిపే దారం ఒకటుంది, అది శనగపిండి. పాలెర్మోలో పానెల్లె, జెనోవాలో ఫరినాతా, ఫ్రాన్స్‌లోని నీస్‌లో సొక్కా, మార్సెయిలో పానీస్. పేర్లు, ఆకారాలు మారినా పదార్థం మారదు: పిండి, నీళ్లు, ఉప్పు, నూనె. ఫరినాతా, సొక్కాలను పల్చటి జారుపిండితో పెద్ద రాగి పళ్లేల్లో పోసి కట్టెల పొయ్యిలో కాలుస్తారు. పానెల్లె, పానీస్‌లను ముందు ముద్దగా ఉడికించి, చల్లార్చి, ముక్కలు కోసి వేయిస్తారు. రేవు కూలీలు, నావికులు చేత్తో పట్టుకుని తినే చవకైన, కడుపునిండే తిండిగా ఇది తీరం పొడవునా నిలిచింది. శనగపిండితో బజ్జీలు, అట్లు చేసుకునే తెలుగిళ్ల పిల్లలు మొదటి ముక్కతోనే దీన్ని స్నేహంగా అందుకుంటారు. మాంసం ఉండదు, వాడినవేమిటో కంటికి కనిపిస్తాయి, బల్లలు కుర్చీలు అక్కర్లేదు. సమయం తక్కువగా ఉన్న కుటుంబానికి ఇంతకంటే తగిన భోజనం లేదు. ఒకే పదార్థం రేవు రేవునా ఎలా మారుతోందో పిల్లలు గమనించడం మొదలుపెడితే, యాత్ర విడివిడి ఊళ్ల చిట్టాలా కాక ఒకే సముద్రపు కథలా అర్థమవుతుంది.

శాకాహారులకు జాగ్రత్తలు కొన్ని అవసరం. ఇక్కడ మాంసం లేదు అంటే చేప ఉండవచ్చని అర్థం చేసుకోవాలి. కూరగాయల సూపును మాంసపు రసంతో కాచి ఉండవచ్చు. పార్మిజాన్ చీజ్‌ను దూడ కడుపులోంచి తీసిన పదార్థంతో పేరబెడతారు, పెస్టోలో పడేది ఈ జాతి చీజే. నేపుల్స్ స్ఫొల్యతెల్లా పిండిలో సంప్రదాయంగా పందికొవ్వు కలుపుతారు. కొన్ని పాస్తిట్సి, కన్నోలి గుల్లల్లోనూ కొవ్వు ఉండే అవకాశం ఉంది. బాబా అనే తీపిని రమ్ముతో తడుపుతారు. అరంచీనలో మాంసం కూరిందీ, చీజ్‌తో చేసిందీ రెండూ ఉంటాయి. మాంసం, చేప, గుడ్డు, కొవ్వు వద్దన్న నాలుగు మాటలు ఇటాలియన్, ఫ్రెంచ్, స్పానిష్ భాషల్లో రాసిన చీటీ జేబులో ఉంటే సగం ఇబ్బంది తీరుతుంది.

వేళలు కూడా ముఖ్యం. ఇటలీ, ఫ్రాన్స్‌లలో మధ్యాహ్న భోజనం దాదాపు పన్నెండు నుంచి రెండున్నర లోపు. ఆ తరువాత చాలా వంటశాలలు సాయంత్రం దాకా మూసేస్తారు. స్పెయిన్‌లో భోజనం రెండు గంటల ప్రాంతంలో మొదలవుతుంది. బజార్లు ఉదయం పూటే జోరుగా ఉంటాయి, ఆదివారం చాలావరకు మూసే ఉంటాయి. ఇటలీలో కూర్చుని తింటే తలకింత బల్ల రుసుము బిల్లులో పడటం మామూలే. ఐదు భాషల్లో బొమ్మలతో మెనూ పెట్టి, వాకిట్లో నిలబడి పిలిచే హోటళ్ల కంటే రెండు సందులు లోపల, స్థానికులు వరుసలో నిలబడ్డ చిన్న అంగడి మేలు.

ఓడ బఫేలో డబ్బు ముందే కట్టిన తిండి ఉండగా బయట ఎందుకు కొనాలన్న ప్రశ్న చాలా కుటుంబాల్లో వస్తుంది. వేలమందికి ఒకేసారి వండే వంటశాల ఎవరికీ కొత్తకాని రుచులనే ఎంచుకుంటుంది. ఆ ఊరి రుచి ఊళ్లోనే దొరుకుతుంది. పైగా భోజనం కోసం ఓడకు తిరిగివస్తే రేవులో ఉన్న రోజు రెండు ముక్కలై, విలువైన రెండు గంటలు పోతాయి. ఉదయం ఓడలో కడుపునిండా తిని, మధ్యాహ్నం ఊళ్లో రెండు మూడు చోట్ల కొద్దికొద్దిగా రుచి చూసి, రాత్రికి ఓడ భోజనానికి రావడం అందరికీ సరిపడే పద్ధతి. తోడుగా పెట్టుకునే పొడులు, పచ్చళ్లు కంపెనీ సీలు వేసిన ప్యాకెట్లయితే చాలా ఓడలు అభ్యంతరం చెప్పవు. రైస్ కుక్కర్లు, కెటిల్‌లు అగ్నిప్రమాద భయంతో నిషేధం. భారతీయ శాకాహారం, జైన భోజనం కావాలంటే టికెట్టు కొన్నప్పుడే రాసిపెట్టడం మేలు.

పిల్లలు, పెద్దలు

మూడు తరాలు కలిసి వెళ్లే యాత్రలో ఓడే పెద్ద సౌకర్యం. అలసిన వాళ్లు ఒక రేవు మానుకుని ఓడలో ఉండవచ్చు, మిగిలినవాళ్లు తిరిగిరావచ్చు. ఆరు నెలలలోపు పసిపిల్లలను చాలా కంపెనీలు ఎక్కించుకోవు. పిల్లల క్లబ్బులు సాధారణంగా మూడేళ్ల నుంచి మొదలవుతాయి. డైపరు వేసుకున్న పిల్లలను మామూలు ఈతకొలనుల్లోకి రానివ్వరు. సముద్రం పడనివాళ్లకు ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తుల గదులు మంచివి, అక్కడ ఊపు తక్కువ. కడుపు జబ్బు తెచ్చే నోరో వైరస్‌కు చేతులకు రాసుకునే శానిటైజర్ అంతగా పనిచేయదు. సబ్బునీళ్లతో కడుక్కోవడమే మందు.

జూలై, ఆగస్టుల్లో రోమ్, పాంపేయి వంటి చోట్ల ఎండ కటువుగా ఉంటుంది. పాంపేయిలో నీడ తక్కువ, రాళ్ల బాట ఎగుడుదిగుడు, పిల్లల తోపుడుబండి అక్కడ చాలాచోట్ల సాగదు. ఏప్రిల్, మే, సెప్టెంబరు, అక్టోబరు నెలలు నడకకు హాయి. ఒక రోజుకు ఒక పెద్ద చూడదగ్గ చోటు, ఒక బజారు, ఒక ఆటస్థలం లేదా సముద్రపు ఒడ్డు అన్న కొలత పిల్లలతో వెళ్లేవారికి సరిపోతుంది. వరుసగా నాలుగు రేవులున్న యాత్రలో ఒకదాన్ని ఓడ చుట్టుపక్కలే తేలిగ్గా గడపాలి.

పత్రాలు, ఖర్చులు, ఆపద్ధర్మం

భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారికి ఈ వలయానికి షెంగెన్ వీసా కావాలి. దారిలో ట్యునీషియా, టర్కీ వంటి షెంగెన్ కాని దేశపు రేవు ఉంటే పలుమార్లు ప్రవేశించే వీసా తప్పనిసరి, ఆ దేశపు నిబంధనలు విడిగా చూసుకోవాలి. కొన్ని ఓడల్లో పాస్‌పోర్టులు రిసెప్షన్‌లో తీసుకుంటారు. రేవులో దిగేటప్పుడు ఫొటోకాపీ, ఓడ కార్డు, ఆ రోజు కార్యక్రమ పత్రం వెంట ఉండాలి. ఆ పత్రం మీద స్థానిక రేవు ఏజెంటు ఫోను నంబరు ఉంటుంది. ఓడ తప్పినవాళ్లు మొదట పిలవవలసింది ఆ నంబరుకే. ఓడ తప్పితే అయ్యే ఖర్చును కూడా భరించే ప్రయాణ బీమా, ఒక క్రెడిట్ కార్డు, మందులు ఎప్పుడూ చేతిసంచిలో ఉండాలి.

టికెట్టు ధర యాత్ర మొత్తం ఖర్చు కాదు. తలకు రోజుకింత చొప్పున సేవా రుసుము, పానీయాలు, ఇంటర్‌నెట్ విడిగా పడతాయి. సముద్రం మీద ఫోను ఓడ సొంత నెట్‌వర్కుకు తగులుకుంటే బిల్లు భారీగా వస్తుంది కాబట్టి విమాన మోడ్‌లో ఉంచాలి. సొంత రేవు యాత్రలో రైలు, బస్సు, మ్యూజియం, తిండి అన్నీ కలిపినా చాలా రేవుల్లో కుటుంబానికయ్యేది బృంద పర్యటన ఖర్చులో కొంత భాగమే. ఇటలీలో రవాణా సమ్మెలు తరచుగా జరుగుతాయి, వాటిని ముందుగానే ప్రకటిస్తారు. ముందురోజు రాత్రి ఒకసారి చూసుకుంటే చాలు.

ఊరి వైపు నుంచి

క్రూయిజ్ ఓడలను ఆహ్వానించిన నగరాలే ఇప్పుడు వాటికి హద్దులు గీస్తున్నాయి. 2021 ఆగస్టు నుంచి వెనిస్ నడిబొడ్డు కాలువల్లోకి 25,000 టన్నులు దాటిన ఓడలను రానివ్వడం లేదు. మయోర్కా దీవిలోని పాల్మా రేవు 2022 నుంచి రోజుకు మూడు ఓడలన్న పరిమితి పెట్టుకుంది. బార్సిలోనా తన ఏడు క్రూయిజ్ టెర్మినళ్లను 2030 నాటికి ఐదుకు తగ్గించేందుకు 2025లో ఒప్పందం చేసుకుంది. 2025 మే నుంచి మధ్యధరా అంతటా ఓడల ఇంధనంలో గంధకం 0.1 శాతానికి మించరాదన్న నియమం అమలులోకి వచ్చింది.

ఈ వ్యతిరేకత వెనుక ఉన్న కారణాల్లో పొగ ఒకటి, రద్దీ ఇంకొకటి, ఆదాయం మరొకటి. ఒకే ఉదయం వేలమంది దిగి, అవే నాలుగు వీధుల్లో తిరిగి, భోజనానికి ఓడకే వెళ్లిపోతే ఊరికి మిగిలేది ఇరుకు, చెత్త. సిటీ బస్సెక్కి, పక్క వీధి బజారులో పండ్లు కొని, చిన్న పొయ్యి దగ్గర రొట్టె తిన్న కుటుంబం డబ్బు నేరుగా ఆ ఊరివాళ్ల చేతికి వెళుతుంది. సొంత యాత్ర ఒక్కటే ఈ సమస్యను తీర్చలేదు, ఓడల సంఖ్యకు పరిమితులు కూడా అవసరమే. అయినా రద్దీని చెదరగొట్టి, లాభాన్ని పంచే దారి ప్రయాణికుడి చేతిలో ఉన్నంతలో ఇదే.

తెలుగు తీరానికి దగ్గర్లో

ఇదే కొలత ఆసియా రేవులకూ వర్తిస్తుంది. సింగపూర్ నుంచి వెళ్లే ఓడలు ఆగే పెనాంగ్‌లో స్వెట్టెన్‌హామ్ రేవు నుంచి 2008లో యునెస్కో గుర్తించిన జార్జ్‌టౌన్ పాతపట్నం నడకదూరమే. అక్కడి లిటిల్ ఇండియాలో అరటాకు భోజనం దొరుకుతుంది, పక్క వీధుల్లో చైనా, మలయ్ వంటలు ఉంటాయి. ఫుకెట్‌లో ఓడ నిలిచే చోటును బట్టి టెండర్ పడవలు కావలసిరావచ్చు. అక్కడ కలిసి మాట్లాడుకున్న వ్యాను నయం. విశాఖపట్నానికి 2022 జూన్‌లో చెన్నై నుంచి క్రూయిజ్ ఓడ వచ్చింది. 2023 సెప్టెంబరులో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. విశాఖలో దిగే ప్రయాణికులకు సిటీ బస్సు వేళలు, జలాంతర్గామి మ్యూజియానికి దారి, మంచి ఆంధ్ర భోజనం దొరికే చోట్లు తెలిపే ఒక పటం గట్టు మీదే అందితే, ఆ ఓడల రాక ఊరి చిన్న వ్యాపారులకూ అక్కరకొస్తుంది.

మొత్తం మీద తేలేది ఇది. జెనోవా, నేపుల్స్, పాలెర్మో, వాలెట్టా, పెనాంగ్ వంటి నడక రేవుల్లో సొంతంగా వెళ్లడానికి ఏ కుటుంబమూ సందేహించనక్కర్లేదు. బార్సిలోనా, మార్సెయిలలో ఒక బస్సు లేదా మెట్రో నేర్చుకుంటే చాలు. పాంపేయికి, రోమ్‌కు వెళ్లేవాళ్లు తమ నడకశక్తినీ, తిరుగు రైళ్ల వేళలనూ లెక్కచూసుకుని, అనుమానం ఉంటే వ్యానునో ఓడ పర్యటననో ఎంచుకోవాలి. టెండర్ పడవల రేవుల్లో ముందస్తు ఖర్చులు పెట్టుకోకూడదు. ఏ రేవులోనైనా మధ్యాహ్న భోజనం ఊళ్లోనే చేయాలి.